ఐదు లెక్కపెట్టేలోపు

గుణదల కొండమీద మా ఇల్లు
నూట పన్నెండో మెట్టు దగ్గర.
కింద రోడ్డు మీద ఎండ తొమ్మిదింటికి మొదలైతే
మా దగ్గర ఏడింటికే డ్యూటీ ఎక్కుతుంది,
రాత్రి పదైనా దిగదు.
బండరాయి పగలంతా తిన్న వేడిని
రాత్రంతా నెమరేస్తూ ఉంటుంది.
గోడకి వీపు ఆనిస్తే
పెనానికి అట్టు అంటుకున్నట్టే.

రోహిణి కార్తెకి రోళ్ళు పగులుతాయంటారు.
మా రోలు పగల్లేదు.
గోలీ పడిపోయింది.

గోలీ అంటే మా కుక్క.
సోడాసీసాలో గోలీలాంటి కళ్ళు, అందుకని.
కొన్నది కాదు, పెంచుదామనుకున్నదీ కాదు.
మూడేళ్ళ కిందట జడివానకి మెట్ల మీంచి కొట్టుకొచ్చి
నా కుట్టుమిషను కింద ఆగింది.
తొక్కుతుంటే కాస్త గాలి తగులుతుందని
అక్కడే కాపురం పెట్టింది.

ఆ వేళ పన్నెండు దాటింది.
ఫాల్ కుట్టే దారం అయిపోయి కిందకి దిగబోతే
వెంట వస్తానంది.
వద్దనలేదు నేను.
నేను చెప్పులేసుకుని దిగాను,
అది వట్టికాళ్ళతో దిగింది.
తిరిగొస్తుంటే, డెబ్బయ్యో మెట్టు దగ్గర,
నాలుక ఇటికరంగుకి తిరిగి,
జొల్లు జిగురుగా తీగ సాగుతూ,
ఈ కాళ్ళు నావి కావన్నట్టు కూలబడింది.

ఫ్రిజ్‌లో ఐసుంది. పరిగెత్తబోయాను.
పైనుంచి సలోమి కేకేసింది
(పశువుల ఆస్పత్రిలో ఊడ్చే పని తనది,
చూసి చూసి సగం డాక్టరైపోయింది):
"ఐసొద్దక్కా! పైన చర్మం బిగుసుకుని
లోపలి వేడి లోపలే ఉండిపోద్ది.
ముందు నీడకి లాగు.
మామూలు నీళ్ళే పొయ్యి, పాదాలకి, పొట్టకింద, చంకల్లో.
నోట్లో మాత్రం బలవంతంగా పొయ్యమాక!"

నీళ్ళు.
ఇక్కడ ఆ మాట అంత తేలిగ్గా అనకూడదు.
మా కొళాయి రోజు విడిచి రోజు
తెల్లారగట్ల నాలుగున్నరకి రెండుసార్లు దగ్గి
ఆరు బిందెలు కక్కి పడుకుంటుంది.
అది రాని రోజు.
ఇంట్లో ఉన్నవి బిందెడున్నర,
మార్కెట్లో మూటలు దించి
ఒంటినిండా ఉప్పు కట్టి వచ్చే సూరిబాబు స్నానానికి దాచినవి.
పోసేశాను. అన్నీ.
ఎవరిదో పెళ్ళి జాకెట్టు లైనింగు తడిపి కప్పాను,
కొలతల పుస్తకంతో విసిరాను.
చీరలో పడుకోబెట్టి చెరో కొస పట్టుకుని దిగాం.
ఆటో మాణిక్యం "కుక్కా?" అన్నాడు.
సీటు వైపు చూశాడు, దాని కళ్ళ వైపు చూశాడు,
ఇంకేం అడక్కుండా బండి తీశాడు.

సెలైను సగం దిగాక
తోక చివర రవ్వంత కదిలింది.
మా గోలీలో ముందు బతికింది తోకే.

ఆ రాత్రి సూరిబాబు స్నానం లేకుండా పడుకున్నాడు.
ఏమీ అనలేదు. చాలాసేపటికి చీకట్లో,
"దానికి మనలాగ చెమట పట్టదంట కదా," అన్నాడు,
"ఎట్టా మోస్తదో అంత వేడి."

ఇప్పుడు నాకో అలవాటు.
చెయ్యి తిరగేసి మెట్టుమీద ఆనిస్తాను.
ఐదు లెక్కపెట్టేదాకా ఓర్చుకోగలిగితే గోలీ దిగొచ్చు.
లేదంటే లేదు, ఎంత గారం పోయినా.
దాని షికారు ఇప్పుడు కొళాయితో పాటే, నాలుగున్నరకి.
మిషను కింద మట్టిమూకుడు, పూటపూటకీ మార్చిన నీళ్ళు.
బొచ్చు గొరిగించెయ్యమని ఎవరో సలహా ఇస్తే
సలోమి కసిరింది, అది దాని గొడుగట.

నిన్న మధ్యాహ్నం చెయ్యి ఆనిస్తే
మూడు కూడా రాలేదు.
అప్పుడే గ్యాస్ కుర్రాడు, భుజాన సిలిండరు,
తెగిన చెప్పు ఒకటి వేలికి తగిలించుకుని
ఒంటికాలు ఎగరేస్తూ ఎక్కుతున్నాడు.
ఇన్నేళ్ళూ సిలిండరు వచ్చిందా లేదా అనే చూశాను.
ఎవరు తెస్తున్నారో, ఏ కాళ్ళతో తెస్తున్నారో
ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

"నీడకి రా నాయనా," అన్నాను.
గోలీ ఒళ్ళు విరుచుకుని జరిగి చోటిచ్చింది.
చెంబు ఖాళీ చేసి
రెండో చెంబుకి మొహమాటపడ్డాడు.

రేపు నీళ్ళొచ్చే రోజేలే,
తాగు.